బొటనవేలు, బెత్తం, ఒక నుడికారం

'రూల్ ఆఫ్ థంబ్' అనే మాట మనకు కొత్తది కాదు. క్లాసులో, ఆఫీసులో, సెమినార్లలో తెలుగు మాట్లాడుతూనే దాన్ని వాడేస్తుంటాం. కచ్చితమైన లెక్క కాకపోయినా అనుభవం మీద పనికొచ్చే ఉజ్జాయింపు సూత్రమని దాని అర్థం. అయితే స్త్రీవాద చర్చల్లో ఈ మాటకి మరో కథ ఉంది. భార్యను కొట్టే బెత్తం భర్త బొటనవేలి కన్నా లావుగా ఉండకూడదని పూర్వం ఇంగ్లండులో చట్టం ఉండేదనీ, ఈ నుడికారం అందులోంచే పుట్టిందనీ ఆ కథ. వింటే ఒళ్ళు జలదరిస్తుంది. వెంటనే నమ్మేస్తాం కూడా. కానీ అది నిజమేనా?

నుడికారం 17వ శతాబ్దం నాటిది. స్కాట్లండు మతబోధకుడు జేమ్స్ డరమ్ 1658లో మరణించాడు. 1685లో అచ్చయిన ఆయన ప్రసంగాల్లో, కొలతలు లేకుండా బొటనవేలి లెక్కతో ఇల్లు కట్టే తెలివితక్కువ వాళ్ళ ప్రస్తావన ఉంది. 1692 నాటి విలియం హోప్ కత్తిసాము పుస్తకంలోనూ ఈ మాట కనిపిస్తుంది. ఎక్కడా భార్య లేదు, బెత్తం లేదు. మన జాన, మూర, బెత్తెడు లాగే ఇదీ ఒంటితో కొలిచే అలవాటులోంచి వచ్చినట్టుంది. చదువుకున్నవాళ్ళు పనివాళ్ళ నేర్పుని చిన్నచూపు చూడటానికి వాడిన మాట, రానురాను అనుభవజ్ఞానానికి మెచ్చుకోలుగా మారింది. బియ్యంలో ఎసరు వేలి గణుపుతో కొలిచే ఆడవాళ్ళకి ఆ చిన్నచూపూ తెలుసు, ఆ నేర్పూ తెలుసు.

మరి బెత్తం ఎక్కడి నుంచి వచ్చింది? 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే ఇంగ్లీషు జడ్జి, బొటనవేలంత బెత్తంతో భార్యను కొట్టవచ్చన్నాడని పుకారు పుట్టింది. అలాంటి తీర్పు రికార్డుల్లో దొరకలేదు. కానీ జేమ్స్ గిల్‌రే అదే ఏడాది 'జడ్జ్ థంబ్' పేరుతో వేసిన వ్యంగ్య చిత్రం ఆయన్ని వదల్లేదు. అయినా అప్పటికి ఈ నుడికారం వయసు వందేళ్ళు దాటింది.

పుకారు అమెరికా కోర్టులకీ చేరింది. నార్త్ కరొలినాలో 1868లో స్టేట్ వర్సెస్ రోడ్స్ కేసు నడిచింది. బొటనవేలి కన్నా సన్నని బెత్తంతో భార్యను మూడు దెబ్బలు కొట్టిన భర్త నిర్దోషి అన్నది కింది కోర్టు. భర్తకి కొట్టే హక్కుందన్న వాదనని పై కోర్టు ఒప్పుకోలేదు. అయినా అతన్ని విడిచిపెట్టింది. ఇంత చిన్న విషయానికి కుటుంబ పాలనలో తలదూర్చబోమని కారణం చెప్పింది. అదే కోర్టు 1874లో, స్టేట్ వర్సెస్ ఆలివర్ కేసులో, బొటనవేలి సిద్ధాంతం తమ రాష్ట్రంలో చట్టం కాదని తేల్చి భర్త శిక్షని ఖాయం చేసింది. అక్కడ కూడా, గాయం శాశ్వతం కానప్పుడు, క్రౌర్యం లేనప్పుడు తెర దించెయ్యడమే మేలని కలిపింది.

1976లో డెల్ మార్టిన్ 'బ్యాటర్డ్ వైవ్స్' పుస్తకంలో ఈ బెత్తం సిద్ధాంతం గురించి రాస్తూ, 'రూల్ ఆఫ్ థంబ్' అని శ్లేషగా అన్నది. ఆ శ్లేషే క్రమంగా వ్యుత్పత్తి అయి కూర్చుంది. 1982లో అమెరికా పౌరహక్కుల కమిషన్ గృహహింసపై తన నివేదికకే ఈ పేరు పెట్టింది. 1994లో క్రిస్టినా హాఫ్ సోమర్స్ ఈ పొరపాటుని పట్టుకుని స్త్రీవాదుల పరిశోధన మీదే దెబ్బతీసింది. ఒక్క మాట పుట్టుక తప్పయితే, స్త్రీలు చెప్పిన హింస అంతా కట్టుకథ అయిపోతుందా?

కాదు. 1765లో బ్లాక్‌స్టన్, భార్యను మితంగా దండించే అధికారం పాత చట్టం భర్తకి ఇచ్చిందని రాశాడు. తర్వాతి కాలంలో దాన్ని శంకించారనీ, కింది తరగతుల వాళ్ళు మాత్రం ఇంకా దాన్ని తమ హక్కుగా చెప్పుకుంటున్నారనీ కూడా రాశాడు. ఇది అచ్చులో ఉన్న సాక్ష్యం. దీనికి బొటనవేలి సాయం అక్కర్లేదు.

నిజానికి ఆ కథ మన దృష్టిని బెత్తం లావు మీదికి మళ్ళించి, తెరని మరుగుపరిచింది. హక్కు లేదంటూనే చూడననడం, రోడ్స్ తీర్పులో అసలు హింస అదే. ఆ తెర మనకీ తెలిసిందే. 1983లో 498ఎ వచ్చినా, 2005లో గృహహింస చట్టం వచ్చినా, 'ఇది మీ ఇంటి వ్యవహారం, సర్దుకుపోమ్మా' అన్న మాట ఆగిపోలేదు. దానికి వ్యుత్పత్తి వెతకనక్కర్లేదు. ఎవరు, ఎప్పుడు, ఏ హోదాలో అన్నారో రాసిపెట్టుకుంటే చాలు.