గోవిందపూర్ స్టేషను యెక్కడ?

శరత్ బాబు నవలల్ని తెలుగులో చదువుకుంటూ పెరిగినవాళ్ళకి కలకత్తా చూడకపోయినా కొత్త వూరు కాదు. భవానీపూర్, శ్యాంబజార్, కాళీఘాట్ - మన పక్క వీధుల పేర్లలాగే నోట్లో నానుతూ వుంటాయి. ఆ పేర్లన్నీ గోడల మీద వరసగా చదువుకోవాలంటే అక్కడి మెట్రో రైలెక్కాలి. మన హైదరాబాదు మెట్రో స్తంభాలెక్కి మేడల కిటికీల్లోకి తొంగి చూస్తూ పోతుంది కదా, ఇది అలా కాదు. చాలా దూరం గుట్టుగా నేల కిందనే పోతుంది. మన దేశంలో మొట్టమొదటి భూగర్భ రైలు ఇదే. ఢిల్లీవాళ్ళది 18 యేళ్ళ తర్వాత వచ్చింది.

గుట్టుగా పోతుందన్నాను గాని, కట్టడం మాత్రం గుట్టుగా జరగలేదు. 1972 డిసెంబరు 29న ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. ఆ మరుసటి యేడు గునపాలు దిగాయి. చాలా చోట్ల సొరంగం తొలవకుండా, నడిరోడ్డునే పైనుంచి గోతిలా తవ్వి, అడుగున కాంక్రీటు పెట్టె కట్టి, మళ్ళీ మట్టి కప్పారు. అసలే ఇరుకు రోడ్ల వూరు. బస్సులూ, ట్రాములూ దారి మళ్ళాయి. గుమ్మం ముందు గొయ్యి పెట్టుకుని యేళ్ళ తరబడి సంసారం చేయడమంటే ఏమిటో, ఇంట్లో దుమ్ము దులిపేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా మొదటి రైలు నడిచింది. అయిదే అయిదు స్టేషన్లు, 3.4 కిలోమీటర్లు! రాయి వేసిన ఇందిరమ్మ ఆ తర్వాత వారానికే పోయింది. ఉత్తరాన డమ్‌డమ్ నుంచి దక్షిణాన టాలీగంజ్ దాకా లైను మొత్తం కలిసేసరికి 1995 సెప్టెంబరు వచ్చేసింది. పునాదినాడు వొళ్ళో వున్న పాపాయి, పెళ్ళయి తనూ ఓ పాపాయినెత్తుకుని ఆ రైలెక్కి వుంటుంది.

ఇక పేర్ల సంగతి. భవానీపూర్ స్టేషను ఇప్పుడు నేతాజీ భవన్. 1941లో ఇంటి చుట్టూ పోలీసు కాపలా వున్నా, సుభాష్ బాబు రాత్రికి రాత్రి తప్పించుకుపోయిన ఇల్లు ఆ దగ్గర్లోనే. టాలీగంజ్‌కి సినిమా హీరో ఉత్తమ్ కుమార్ పేరు పెట్టారు. (టాలీవుడ్ అన్న మాట మొదట పుట్టింది ఈ టాలీగంజ్ కోసమే. మనవాళ్ళు తర్వాత సొంతం చేసుకున్నారు!) గిరీశ్ పార్క్ స్టేషను పేరు నాటకకర్త గిరీశ్ చంద్ర ఘోష్‌ది. ఆయన దగ్గర నటన నేర్చుకున్న వినోదిని కథ నాకు మనసులో ముల్లులా వుండిపోయింది. 1883లో స్టార్ థియేటరు కట్టించడానికి ఆమె తన జీవితాన్నే తాకట్టు పెట్టింది. నీ పేరే పెడతామన్నారు, పెట్టలేదు. గురువుగారికి స్టేషను దక్కింది. ఆమె కోసం స్టార్ హాలు పేరు మారుస్తామన్న ప్రకటన రావడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది.

పేరు దక్కనివాళ్ళలో ఒక వూరు కూడా వుంది. 1698లో కంపెనీవాళ్ళు 1,300 రూపాయలిచ్చి మూడు పల్లెల మీద హక్కులు పుచ్చుకున్నారు. ఇవాళ ఆ డబ్బుకి మంచి పట్టుచీర కూడా రాదు. కలికాతా, సూతానుటి, గోవిందపూర్ - ఇవీ ఆ పల్లెలు. కలికాతా మహానగరానికే పేరయింది. నూలు చుట్టలమ్మే సంతతో పేరు తెచ్చుకున్న సూతానుటి, శోభాబజార్ స్టేషను బోర్డు మీద ఇంకా బతికి వుంది. మరి గోవిందపూర్?

1757లో ప్లాసీ యుద్ధం గెలిచాక కంపెనీకి కొత్త కోట కావలసివచ్చింది. కోట చుట్టూ ఫిరంగి గుండుకి అడ్డం లేకుండా ఖాళీ నేల కూడా కావాలన్నారు. గోవిందపూర్‌ని ఖాళీ చేయించారు. ఊరివాళ్ళకి తాల్తలా, కుమార్‌టులి, శోభాబజార్ వైపు స్థలాలిచ్చారట. స్థలమిస్తే సరిపోతుందా? పొయ్యి పీకి ఇంకోచోట వేసుకోవడం, తులసి మొక్కని వేళ్ళు తెగకుండా తవ్వి తీసుకెళ్ళడం ఎవరి వంతయి వుంటుందో మీకూ నాకూ తెలుసు. చరిత్ర పుస్తకాల్లో స్థలాల లెక్క వుంది గాని ఈ లెక్క లేదు. అలా ఖాళీ అయిన నేలే, ఇప్పుడు పిల్లలు క్రికెట్టాడుకునే మైదానం. దాని అంచునున్న స్టేషను పేరు కూడా మైదానే.

అక్కడ ఉత్తరంగా పోయే రైలెక్కితే ఏడో స్టేషను శోభాబజార్. గోవిందపూర్ వాళ్ళు మూటా ముల్లే నెత్తినెట్టుకుని నడిచిన దిక్కుకే రైలూ పోతుంది. దానికి ముందు ఆరో స్టేషను గిరీశ్ పార్క్. అలా లేచిపోయిన కుటుంబాల్లో ఠాకూర్లది ఒకటి. ముందు పాథురియాఘాటకీ, తర్వాత 1784లో ఒక శాఖ జొరాసాంకోకీ చేరారు. 1861లో రవీంద్రుడు పుట్టింది ఆ జొరాసాంకో ఇంట్లోనే. గిరీశ్ పార్క్‌లో దిగి, దారి అడుక్కుంటూ నడిచే వెళ్ళచ్చు.