మా ఊరి రాబందుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు

మొన్న ఫిబ్రవరిలో మా పాత రూమ్మేట్ శాన్‌హోసే నుంచి ఒక లింకు పంపాడు. తెరిస్తే సిటీ హాల్ బిల్డింగు పైన ఓ పెట్టె, అంతే. "ఏముందిరా ఇందులో?" అంటే "ఆగు, డేగ వస్తది" అన్నాడు. 2007లో అక్కడ గూడుపెట్టె పెట్టి కెమెరా బిగించారు. వసంతం వస్తోందంటే చాలు పెరిగ్రిన్ ఫాల్కన్ (మన బైరి డేగ) జంట ఎప్పుడొస్తుందా, ఎన్ని గుడ్లు పెడుతుందా అని మావాడి ఆఫీసులో మీటింగుల మధ్యలో కూడా చూస్తుంటారట. పనీపాటా లేదా అని నవ్వాను.

తర్వాత కాస్త చదివితే నవ్వు పోయింది. 1970లో కాలిఫోర్నియా మొత్తానికి తెలిసిన బైరి డేగ జంటలు రెండే రెండు!

ఆ కథ బ్రిటన్‌లో ఒక తప్పుడు కంప్లైంటుతో మొదలైంది. 1960లో పందెం పావురాలు పెంచేవాళ్లు 'డేగలు మరీ ఎక్కువైపోయి మా పావురాల్ని తినేస్తున్నాయి, వాటికున్న రక్షణ తీసెయ్యండి' అని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. సరే, అసలు ఎన్నున్నాయో చూద్దామని డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్తకి లెక్క అప్పజెప్పారు. 1961, 62ల్లో ఆయనా, వాలంటీర్లూ పాత గూళ్లుండే కొండచరియలన్నీ తిరిగారు. ఎక్కువవడం సంగతి దేవుడెరుగు, గూళ్లే ఖాళీ. 1963 నాటికి, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు డేగలున్న చోట్లలో సగానికి పైగా వాటి జాడ లేదు. టికెట్‌లో రాసిన బగ్ ఒకటి, దొరికిన బగ్ ఇంకోటి అన్నమాట :)

కారణం ఎలా దొరికిందో చూడండి. పాతకాలంలో అక్కడి దొరలకి పక్షి గుడ్లు సేకరించే పిచ్చి ఉండేది. ఏ గుడ్డు ఏ ఏడాదిదో రాసిపెట్టుకునేవాళ్లు. రాట్‌క్లిఫ్ ఆ పెంకులన్నీ తూకం వేస్తే 1947 దగ్గర్నుంచి సుమారు ఐదో వంతు తేలికైపోయాయి. డీడీటీ వాడకం పెరిగిన కాలమూ అదే. పెంకు పలచబడి, తల్లి పొదగడానికి కూర్చుంటేనే గుడ్డు పగిలిపోతోంది. 1967లో నేచర్ పత్రికలో ఇది అచ్చయింది. 1972లో అమెరికా పంటల మీద డీడీటీ వాడకాన్ని నిషేధించింది. 1970లో టామ్ కేడ్ మొదలుపెట్టిన పెరిగ్రిన్ ఫండ్ అనే సంస్థ డేగపిల్లల్ని పెంచి వేలల్లో వదిలింది. 1999కల్లా బైరి డేగని అక్కడి అంతరించిపోయే పక్షుల జాబితాలోంచి తీసేశారు.

సరే, మనూరికొద్దాం. మాది తిరుమలగిరి, సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఆ కెమెరా మా తాతకి చూపించాను. కాసేపు చూసి "గద్దకు గింత చేస్తున్నరా? మరి మన రాబందులు ఏడికి వోయినయ్ బిడ్డా?" అన్నాడు. ఎద్దు చచ్చిపోతే ఊరవతల వేసేవాళ్లట, పొద్దుగూకేలోపు బొక్కలు తప్ప ఏమీ మిగిలేది కాదట. నేనైతే మా ఊళ్లో ఒక్క రాబందునీ చూడలేదు.

తాత ప్రశ్నకి జవాబు రాజస్థాన్‌లో ఉంది. భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త తెల్లవీపు రాబందుల గూళ్లు లెక్కపెట్టేవాడు. 1987-88లో 353. మళ్లీ 1996-97లో లెక్కపెడితే 150. చెట్ల కింద చచ్చిపడిన రాబందులు. ఆ తర్వాత కొన్నేళ్లకే అక్కడ ఒక్క గూడూ లేదు. దేశం మొత్తమ్మీద 1992 నుంచి 2007 లోపు ఈ జాతి 99.9 శాతం పోయింది.

ఎందుకో కనిపెట్టింది ఎవరనుకున్నారు? డేగల్ని కాపాడిన అదే పెరిగ్రిన్ ఫండ్ తరఫున పాకిస్తాన్‌లో పనిచేసిన లిండ్సే ఓక్స్ బృందం. 2004లో ప్రకటించారు: దోషి డైక్లోఫెనాక్. అవును, మనం కీబోర్డు ముందు కూర్చుని మెడ పట్టేస్తే రాసుకునే జెల్‌లో ఉండే మందే. పశువులకి నొప్పుల సూదిగా వేస్తే, ఆ పశువు వెంటనే చచ్చిపోతే, కళేబరం తిన్న రాబందుకి కిడ్నీలు పాడై కొద్దిరోజుల్లో చచ్చిపోతుంది. నూటికి ఒక కళేబరంలో కూడా విషం ఉండక్కర్లేదు, మొత్తం జాతి కూలిపోవడానికి. రాబందు జంట ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు మరి, నష్టం పూడేదెలా?

2006లో ప్రభుత్వం పశువులకి ఆ మందు నిషేధించింది. బదులుగా మెలాక్సికామ్ ఉంది. కానీ రాబందులు లేక కళేబరాలు కుళ్లాయి, కుక్కలు పెరిగాయి. 2000-2005 మధ్య దీనివల్ల దేశంలో దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా కట్టారు. రాబందు గురించి బాధపడటం పక్షిప్రేమికుల పని అనుకునేవాళ్లు ఈ అంకె ఇంకోసారి చదవండి.

మన దగ్గర కూడా కొంత ఆశ కనిపించింది. 2013లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట చరియల మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడ్డాయి. అటవీశాఖ కాపలా మనుషుల్ని పెట్టింది. ఎండలో కూర్చుని ఏ గూట్లో పిల్ల ఉంది, ఏది ఎగిరిపోయింది అని రాసుకోవడమే వాళ్ల పని. కెమెరా చూసి నవ్వినట్టు, ఒకప్పుడైతే దీనికీ నవ్వేవాణ్ణే.

గుడ్డు పెంకులు తూచిన లెక్క డేగని కాపాడింది. భరత్‌పూర్ గూళ్ల లెక్క రాబందుల మీద దేశానికి కళ్లు తెరిపించింది. బాగున్నప్పుడు ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే, పోయినప్పుడు పోయిందని కూడా తెలియదు. చివరి రాబందుని ఎప్పుడు చూశావని మా తాతని అడిగాను. చాలాసేపు ఆలోచించి "యాదికి లేదు బిడ్డా" అన్నాడు. నాన్ననడిగితే "నువ్వు పుట్టక ముందే కావచ్చు" అన్నాడు. మా ఊరి దగ్గరున్న రికార్డు అంతే.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీరూ అడగండి. ఏం చెప్పినా, ఏ ఏడాదో రాసిపెట్టుకోండి.