వెండితెర వెనుకటి వెండి

జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతముల స్టూడియోలలో షూటింగు ముగిసిన సెట్టును విప్పునప్పుడు దగ్గర నిలిచి చూచినవారికి ఒక సంగతి తేటతెల్లమగును. ఇనుప గొట్టములను ఒకవంక పేర్చుదురు. కర్రచట్టముల మేకులు ఊడబెరికి, మరుసటి సెట్టుకై కర్రను దాచుదురు. ప్లైవుడ్డులో పనికివచ్చు ముక్కలను ఏరుదురు. ఇక మిగులునవి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పెళ్లలు, రాతిరంగు పూసిన థర్మోకోల్ స్తంభములు, చిరిగిన ఫ్లెక్సీలు. వీనిని తుక్కు వ్యాపారి కన్నెత్తియైనను చూడడు. వెల పలుకునది దక్కును, పలుకనిది చెత్తకుప్ప చేరును. చలనచిత్ర పరిశ్రమలో వ్యర్థముల చరిత్ర యంతయు ఈ సూత్రమునకు కట్టుబడియే నడచినది.

పూర్వమీ పరిశ్రమకు అన్నిటికంటె విలువగల వ్యర్థము ఫిలిమే. ఫిలిముపై నుండు పూతలో వెండి లవణములు గలవు. నలుపు తెలుపు చిత్రమున మనము చూచు బొమ్మ నిజముగా వెండియే. వెలుగు సోకని లవణములు మాత్రము ల్యాబులో హైపో ద్రావణమునందు కరగిపోవును. వర్ణచిత్రమునందైతే వెండి యావత్తును ద్రావణములలోనికి దిగి, ఫిలిముపై రంగులే నిలుచును. ఆ ద్రావణము గుండ విద్యుత్తును పంపినచో ఋణఫలకముపై వెండి పొరలుపొరలుగా పేరుకొనును. దానిని గీకి, కరగించి, మరల విక్రయించుట ప్రపంచమందలి ఫిలిం ల్యాబులకు చిరపరిచితమైన విద్య.

ఆ విద్యయే కళకు మృత్యువైన సందర్భములును గలవు. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, ఫ్రెంచి సైన్యము దర్శకుడు జార్జి మెలియే చిత్రముల ప్రతులను నాలుగువందలకు పైగా స్వాధీనపరచుకొని, కరగించి, వెండిని సెల్యులాయిడును రాబట్టెను. ఆ సెల్యులాయిడు బూట్ల మడమలకు ఉపయోగపడినది. మన దేశమునను ఆడి వెలిసిన ప్రతులు తూకపు సరకుగా చెల్లిపోవుచుండగా, 1964లో పూణేయందు జాతీయ చలనచిత్ర భాండాగారము వెలయునాటికే తొలినాళ్ల చిత్రములు పెక్కు చేయిదాటిపోయినవి. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున 1932లో వెలువడిన ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభింపదు.

తెలుగు చిత్రసీమ మద్రాసు నుండి హైదరాబాదునకు క్రమక్రమముగా తరలివచ్చుచుండగా, 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పిరి. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలును ఈ కొండలయందే వెలసినవి. అటుపై డిజిటల్ కెమెరా వచ్చెను. 2013లో ఫుజి సంస్థ సినిమా ఫిలిము తయారీని మానుకొనెను. ఫిలిముతో పాటు వెండియు పోయెను. సెట్టు చెత్త మాత్రము నిలిచిపోయెను. థర్మోకోల్ పరిమాణమున సుమారు 98 శాతము గాలియే యగుటచే, లారీ నిండినను తూకము తూగదు; తూగనిదానికి కొనువాడుండడు.

ఈ నగరపు చెత్తకు చిరకాలముగా గమ్యస్థానము జవహర్‌నగర్. అచ్చట ఏండ్ల తరబడి పేరుకొన్న గుట్టకు మూత కప్పిరి. 2020లో చెత్తను మండించి విద్యుత్తు తీయు 19.8 మెగావాట్ల కర్మాగారమును ప్రారంభించిరి. కాని ప్లాస్టర్ పెళ్ల మండదు. తడిచెత్త, పొడిచెత్త కలిసిపోయినచో మంటయు సరిగా రగులదు. చెత్తను వేరుపరచుట పుట్టినచోటనే జరుగవలెను.

వెల లేని వ్యర్థమును ఎవరు భరింపవలెనను ప్రశ్నకు జర్మనీ 1991లోనే ఒక శాసనముతో సమాధానము చెప్పినది: సరకును చుట్టిన అట్టపెట్టెలు, సీసాలు, డబ్బాలు తిరిగి సేకరించు బాధ్యత వానిని విపణిలోనికి పంపినవారిదే. ఆ బాధ్యత మీదపడనున్నదని ఎరిగియే వ్యాపారులు తమ ఖర్చుతో సేకరణ వ్యవస్థను నిర్మించుకొనిరి. మన దేశమునను రోజుకు 100 కిలోలకు మించి వ్యర్థమును పుట్టించు సంస్థలు దానిని వేరుపరచి అప్పగింపవలెనని 2016 నాటి నిబంధనలు విధించినవి. వెండి యున్నంతకాలము ఈ పరిశ్రమకు చట్టముతో పనిలేకపోయినది. లాభమే దానిచేత శ్రద్ధగా పని చేయించినది. ఇప్పుడా లాభము లేదు గనుక కర్తవ్యమే మిగిలినది. సెట్టు వేయుటకు పద్దు వ్రాయు నిర్మాత, దానిని విప్పి, వేరుపరచి, తగినచోటికి చేర్చుటకును బడ్జెటులో మరొక పద్దు వ్రాయవలెను.