తెలుపులో కలిసిన పసుపు

మా పాత ఇంటికి రంగులు వేయించవలసి వచ్చి దుకాణానికి వెళితే, నా చేతిలో ఒక కార్డు పెట్టారు. అందులో తెలుపులే ముప్ఫయికి పైగా ఉన్నాయి: దంతపు ఛాయ, మీగడ ఛాయ, లేత గంధపు ఛాయ. మన పెద్దలకు ఒకే తెలుపు తెలుసుననీ, ఈ లేతఛాయలన్నీ కంపెనీల సృష్టి అనీ నవ్వుకున్నాను. మరునాడు మేస్త్రీ హాలు గోడ గోకినప్పుడు ఆ నవ్వు నిలవలేదు. ఎమల్షన్ కింద డిస్టెంపరు, దాని కింద పొరలు పొరలుగా సున్నం. ఒక పొర మీగడలా, ఒకటి నీలి జీరతో, మరొకటి బూడిదవన్నెలో ఉన్నాయి. అచ్చమైన తెలుపు ఒక్కటీ లేదు.

ఆలోచిస్తే ఉండే వీలే లేదు. రాతిసున్నమైనా గుల్లసున్నమైనా బట్టీలో బొగ్గుపులుసు వాయువును విడిచి, నీళ్ళలో ఉడికి, గోడ మీద మళ్ళీ గాలిలోని ఆ వాయువునే పీల్చుకుని రాయి అవుతుంది. మూలరాతిలో ఇనుము పాలు కాస్త ఉంటే చాలు, పసుపు జీర తప్పదు. దాన్ని కప్పిపుచ్చడానికే బట్టలకు పెట్టే నీలిమందును వెల్లలోనూ కలిపేవారు. ఆ జీరే ఇష్టమైనవారు పసుపుపచ్చని మన్ను కలుపుకునేవారు. వంటింటి పసుపు ఇందుకు పనికిరాదు. సున్నంలో పడితే పారాణి అవుతుంది. సున్నపు ఘాటుకు తట్టుకునేవి మట్టిరంగులే. అవి కూడా మోతాదు మించితే చేతికి అంటుతూ రాలిపోతాయి. కాబట్టి ఆ మెత్తని ఛాయ మన పెద్దల అభిరుచి ఎంతో, సున్నం విధించిన హద్దు కూడా అంతే అని నాకనిపిస్తుంది.

కళ్ళు చెదిరే తెలుపు ఇరవయ్యో శతాబ్దపు సరుకు. ఇల్మెనైటు ఖనిజం నుంచి తీసే టైటానియం డయాక్సైడును 1916 ప్రాంతంలో నార్వే, అమెరికాల్లో రంగుగా తయారుచేయడం మొదలుపెట్టారు. కేరళ తీరపు ఇసుకలో ఆ ఖనిజం పుష్కలం. 1946లో తిరువనంతపురంలో ట్రావన్కోర్ టైటానియం సంస్థ ఏర్పడింది. అంత తెల్లని గోడల మధ్య కూర్చోవడం ఆసుపత్రిలో కూర్చున్నట్టు ఉంటుంది కాబట్టి, తీసేసిన పసుపునే మళ్ళీ చుక్కలు చుక్కలుగా కలిపి, పేరు పెట్టి అమ్ముతున్నారు.

ఇంతవరకు వినోదమే. కాని మా తలుపులకున్న మీగడరంగు ఎనామిల్ సంగతి వేరు. తైలవర్ణాల్లో తెలుపుకు సీసపు సఫేదా, పసుపుకు లెడ్ క్రోమేటు చాలాకాలం వాడారు. ఇళ్ళ లోపలి రంగుల్లో సీసపు తెలుపును నిషేధిస్తూ జెనీవాలో అంతర్జాతీయ ఒడంబడిక 1921లోనే వచ్చింది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు తొంభైకి మించరాదన్న నియమం 2016లో ప్రకటించి, 2017 నవంబరు నుంచి అమలుచేశారు. మా తలుపులు అంతకు చాలా పాతవి.

మేస్త్రీ ఎండు కాగితంతో రుద్దడం మొదలుపెట్టేసరికి మనవడు ఆ గుమ్మంలోనే బొంగరం ఆడుతున్నాడు. పని ఆపించి, వాణ్ణి వాళ్ళ అత్త ఇంటికి పంపి, తడిబట్టతో ఆ ధూళంతా ఎత్తించాను. తలుపులను తడిపి, నీటి కాగితంతోనే రుద్దించాను. మేస్త్రీ విసుక్కున్నాడు, ఒక రోజు కూలి ఎక్కువ అడిగాడు. ఇచ్చాను.

ఎమల్షన్ మీద సున్నం నిలవదు. అందుకని హాలును పాత పొరల దాకా గోకించి, తుమ్మజిగురు, చిటికెడు పచ్చని మన్ను కలిపిన వెల్లే వేయించాను. తడిగా ఉన్నప్పుడు వెల్ల దాదాపు కనిపించదు. "ఏం పట్టలేదండీ" అని మేస్త్రీ రెండో పూతకు బకెట్ ఎత్తబోయాడు. ఆరేదాకా ఆగమన్నాను.