సుడిగీతలు: కారు మెఱుగు పూర్వగాథ

నల్లని కారును మధ్యాహ్నపుటెండలో నిలిపి, దాని బానెటుపై ప్రతిఫలించు సూర్యబింబము చుట్టును నిదానించి చూచినచో, సాలెగూటి పోగులవంటి సన్నని గీతలు వలయాకారముగ అల్లుకొనియుండుట కనబడును. కారు షెడ్లలో వీనిని స్వర్ల్ మార్కులందురు. సుడిగీతలని మనము పిలుచుకొనవచ్చును. నిజమునకు అందులో సుడి యేమియు లేదు. దుమ్ముపట్టిన గుడ్డతో తుడిచిన ప్రతిమాఱును, బ్రష్షులు తిరుగు యంత్రముక్రింద కడిగించిన ప్రతిమాఱును, నలుదిక్కులకు పడిన తిన్నని గీతలే అవి. వానిలో వెలుగునకు అడ్డముగ నున్నవి మాత్రమే కాంతిని కంటివైపు మరల్చును గనుక, మన మెటు జరిగినను ఆ వలయము మనతో జరుగుచునే యుండును.

ఈ గీతలను పోగొట్టుటకు మార్గములు రెండు. పాలిషు రంగుపొరను అతిసూక్ష్మముగ అరగదీసి, గీత అడుగుమట్టమువఱకు చుట్టుపట్ల తలమును దించును; గ్లేజు నూనెలతోను మెత్తని పొడులతోను గీతను పూడ్చి కంటికి ఆనకుండ జేయును. మొదటిది తీసివేత, రెండవది కప్పుదల. ఏ కారునకు ఏది తగునో తెలియవలెనన్న ఆ కారుపై రంగు ఏ కాలమునాటి పద్ధతిని పూయబడినదో తెలియవలెను. నూఱేండ్లలో రంగు మారినప్పుడెల్ల మెఱుగు దిద్దు విద్యయు మారవలసివచ్చెను. పాత రంగునకు అలవడిన చేయి క్రొత్త రంగుపై పడినప్పుడెల్ల నష్టము వాటిల్లెను.

మొదటి కార్లకు రంగువేసినవారు గుఱ్ఱపుబగ్గీలకు రంగువేసిన పనివారే. అవిసెనూనెను కోపాలు మొదలగు చెట్టుబంకలతో కాచి తీసిన వార్నిషును వారు కుంచెతో పూసెడివారు. ఒక్కొక్క పూత ఆరుటకు దినములు పట్టెడిది. ఆరిన పూతను ప్యూమిసురాతి పొడియు నీరును చేర్చి, ఉన్నిముద్దతో రుద్ది చదునుచేసి, దానిపై మఱియొక పూత వేసి, దానిని మరల రుద్ది, ఇట్లు పూతపై పూతగా సాగిన పని ముగియునప్పటికి వారములు గడచెడివి. దుమ్ము లేవకుండుటకై గది నేలపై నీరుచల్లి, తలుపులు మూసికొని పనిచేసెడివారు. వీరి విద్యలో రుద్దుట రంగు పాడైన పిమ్మట చేయు చికిత్స కాదు. రంగువేయుటలోనే అదియు నొక యంగము. పూత దళసరి గనుక కొంత అరిగినను మిగులుండెను. తరువాతి కథ యంతయు ఆ మిగులు క్రమక్రమముగ తఱిగిపోవుటయే.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో నిలిచియున్న 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు ఆ వార్నిషు యుగమునకు చెందినది. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను కోరికపై చేయింపబడి, లండనులో బగ్గీలు కట్టుటయందు పేరుపొందిన బార్కరు సంస్థవారిచే పైకట్టడము కట్టింపబడిన ఆ కారు, ఆయన మరణానంతరము నగరము చేరి, మిక్కిలి కొలది మైళ్ళు మాత్రమే నడచినది. ఇప్పుడు దానిపై కనబడు నిగనిగ తరువాతి పునరుద్ధరణవలన వచ్చినదే యైనను, దాని ముందు నిలిచినవారికి, కారును రథముగ భావించి తీర్చిన శిల్పుల ఓరిమి యెట్టిదో స్ఫురింపకమానదు.

ఆ ఓరిమికి కర్మాగారములో చోటు లేకపోయెను. హెన్రీ ఫోర్డు 1908లో మోడల్ టి కారును వెలువరించి, 1913లో కదిలెడి వరుసమీద కారును కూర్చు పద్ధతిని నెలకొల్పిన పిదప, కారు తయారగుటకంటె రంగు ఆరుటకే ఎక్కువ కాలము పట్టు వింతస్థితి యేర్పడెను. చవుకయు మన్నికయు గల నల్లపూతతో ఫోర్డు 1914 మొదలు 1925 వఱకు కాలము గడపెను గాని, కొనువారు రంగులు కోరుచుండిరి. విరుగుడు యుద్ధశేషమునుండి లభించెను. మొదటి ప్రపంచయుద్ధమున పొగరాని మందుగుండునకై నైట్రోసెల్యులోజును రాసులుగ చేసిన డ్యూపాంటు సంస్థ, సంధి కుదిరిన పిమ్మట ఆ పదార్థమునకు క్రొత్త వినియోగములు వెదకుచుండగా, 1920 ప్రాంతమున దానిని పలుచని ద్రవముగ జేసి, అందులో రంగును దట్టముగ నిలుపు ఉపాయము దొరకెను. జనరల్ మోటార్సు పరిశోధనాధిపతి చార్లెస్ కెట్టరింగు పట్టుదలవలన అది కారు రంగయ్యెను. 1923లో, మఱుసటియేటి నమూనాగా ప్రదర్శింపబడిన ఓక్లాండు కారు డ్యూకో అను పేర వెలువడిన ఆ రంగుతో, నీలవర్ణపు పూతతో లోకమునకు కనబడెను. స్ప్రే గన్నుతో కొట్టిన ఈ లక్కరు వారములలో కాక గంటలలో ఆరెను.

ఐనను డ్యూకో యందొక కొఱత యుండెను. ద్రావకము ఆవిరియై పోగా మిగిలిన పొర కాంతిహీనముగ నుండుటచేత, అరగదీయు ముద్దయగు కాంపౌండుతో రుద్దినగాని మెఱుగు రాకుండెను. రుద్ది తెచ్చిన ఆ మెఱుగు సహితము ఎండకును గాలికిని నిలువక, పైపొర వెలిసి సుద్దపట్టెడిది. కావున కారు గలిగినవా డెల్ల మెఱుగుపని నేర్చెను, లేదా నేర్చినవానికి కూలి చెల్లించెను. మెఱుగుసరకుల వర్తకము పెరిగినది ఈ పునాదిమీదనే. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున ఫ్రాంక్ మెగ్వయర్ 1901లో చెక్కసామానుకొఱకు తన యింటి షెడ్డులో చేయ మొదలిడిన పాలిషు కార్లకు ప్రాకెను. చికాగోలో సైమనైజు మైనము ఇంటింటి మాటయయ్యెను. ఆ నగరముననే 1940లలో బెన్ హిర్ష్ మొదట ప్లాస్టోను అను పేర అమ్మిన ద్రవము టర్టిల్ వాక్సుగా ప్రసిద్ధికెక్కెను.

ఈ మైనములలో మేటి కార్నౌబా. ఈశాన్య బ్రెజిలునందలి ఒక తాళజాతి వృక్షము, ఎండకు తనలోని నీరు ఇగిరిపోకుండ ఆకులపై ఊరించుకొను మైనమది. ఆకులను కోసి, ఎండబెట్టి, రాల్చి దానిని తీయుదురు. వేడిమి 80 డిగ్రీలు దాటినగాని కరగదు. దానికై ఆ కాలపు వర్తకులు పడిన ఆరాటము తెలియవలెనన్నచో, 1935లో జాన్సన్ వాక్సు అధిపతి హెర్బర్ట్ జాన్సన్ విస్కాన్సిన్ లోని రెసీన్ పట్టణమునుండి నీటిపైనను నేలపైనను దిగగల సికోర్‌స్కీ విమానములో, ఆ చెట్లు పెరుగు చోటును స్వయముగ చూచుటకు బ్రెజిలువఱకు పోయినాడని చెప్పిన చాలును. మైనము గీతను తీయదు. తీసిన పిమ్మట పైపొరను కాపాడును. ఈ భేదము తెలియక నేటికిని అనేకులు మైనము కొని, గీతలు పోలేదని చింతించుచున్నారు.

గ్లేజు పుట్టుక వేఱు. క్రొత్తగ రంగువేసిన లక్కరుపొర పైకి ఆరినట్లున్నను, లోపలి ద్రావకము మఱి కొన్ని వారములు వెలికి వచ్చుచునే యుండును. దానిపై మైనము పట్టించినచో ఆ దారి మూసికొనిపోవును. రెండవ ప్రపంచయుద్ధము తరువాత మెఱుగుసరకులలో చేరిన సిలికోను మఱొక చిక్కు తెచ్చిపెట్టెను: తుడుచుట తేలికయయ్యెను గాని, దాని జాడ ఉన్నచోట మరల రంగుకొట్టినప్పుడు పూత అంటక గుంటలు గుంటలుగ విడివడెడిది. కావున రంగుషెడ్ల పనివారికి మైనమును సిలికోనును లేనిదై, బఫింగు చేసిన గీతలు కానరాకుండ జేసి, యజమాని చేతికి కారును నిగనిగలాడుచు అప్పగింపగల ద్రవ మొకటి కావలసివచ్చెను. అదియే గ్లేజు. 1950లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచిలో మొదలైన మేటికార్ల పోటీలవంటి వేడుకలకును అది సాయపడెను. దీనిని మోసమనువారితో నేను ఏకీభవింపను. పాత లక్కరు ఎండి పెళుసెక్కును. గ్లేజులోని నూనె దాని లోతును వర్ణమును కంటికి మరల తెచ్చును. రంగు అణుమాత్రమును పోదు. నాలుగైదుమాఱులు కడుగగనే అది పోవును, కాని ఆ సంగతి ముందుగనే చెప్పి వేసినవానిని తప్పుపట్టుటకు వీలులేదు.

1950ల చివర అక్రిలిక్ లక్కర్లు వచ్చెను. అవియు రుద్దుడు కోరినవే గనుక పనివారి పద్ధతి పెద్దగ మారలేదు. అసలు విప్లవము తరువాతిది. 1970లలో ఐరోపా మెటాలిక్ రంగులతో ఊపందుకొని, 1980లలో లోకమంతట వ్యాపించిన క్లియర్ కోటు, రంగునకును మెఱుగునకును వేర్వేఱు పొరల నేర్పఱచెను: క్రింద పలుచని రంగు, పైన వర్ణరహితమై గట్టిదైన పారదర్శకపు పూత. అంతకుమునుపు రుద్దిన గుడ్డకు కారురంగు అంటెడిది; అప్పటినుండి తెల్లని మడ్డియే అంటుచున్నది. తాతలనాటి కాంపౌండును, గొఱ్ఱె ఉన్ని మెత్తను, వేగముగ తిరుగు బఫింగు మెషీనును చేతబట్టిన నేర్పరులు ఈ పూతపై నెప్పటివలెనే పనిచేసి, మెఱుగునకు బదులు తామే సుడిగీతలను చెక్కిరి. లక్కరుమీద ఎండకు వెలిసిపోయి మఱుగుపడు గీత, క్లియర్ కోటు క్రింద నల్లనిరంగు అద్దముపట్టినట్లుండుటచేత స్పష్టముగ మెఱసెను. ఇందు పనివారి దోషము కొంచెము. వారి చేతిలోని సరకు పాతదనియు, కంటిముందరి పూత క్రొత్తదనియు వారికి చెప్పినవారు లేరు.

ఆ యిబ్బందినుండియే నేటి సరకులు పుట్టెను. ముతక రాతిపొడులకు మాఱుగ, ఒకే పరిమాణమున నలిపిన అల్యూమినియము ఆక్సైడు వచ్చెను. రుద్దుచుండగ తానే నలిగి మెత్తనగు పొడులు వచ్చెను. ఉన్నికి తోడు స్పాంజి మెత్తలును, ఒకే చోట గిరగిర తిరుగక ఇటునటు ఊగుచు తిరుగు మెషీన్లును వచ్చెను. అన్నిటికంటె ముఖ్యమైనది రంగుమందమును మైక్రాన్లలో చూపు చిన్న కొలతయంత్రము. ఏలనన, క్లియర్ కోటు సామాన్యముగ 35 మొదలు 50 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో 20వ వంతునకు లోబడినది. ఒక తడవ పాలిషు రెండుమూడు మైక్రాన్లు తినును. ఎండలోని అతినీలలోహిత కిరణములను అడ్డుకొను మందులు ఆ పొరలోనే యున్నవి. అది మితిమీఱి పలుచనైనచో కొన్నియేండ్లకు పొలుసులు పొలుసులుగ లేచిపోవును, అప్పుడు ఏ పాలిషును దానిని తిరిగి తేజాలదు.

మన దేశమున ఈ మార్పు ఆలస్యముగ వచ్చినది. అంబాసిడర్లును ఫియట్లును తిరిగిన దశాబ్దములలో షెడ్లయందు రాజ్యమేలినది నైట్రోసెల్యులోజు రంగే. డ్యూకో యను పేరు కార్లను దాటి వడ్రంగుల బీరువాలకును మంచములకును పాకి నేటికిని నిలిచియున్నది. లప్పము పట్టించి, వాటర్ పేపరుతో తీసి, రంగుకొట్టి, రబ్బింగు కాంపౌండుతో చేతిబలముకొలది రుద్దుట ఆ తరమువారి విద్య. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల గురువు ప్రక్కన నిలిచి నేర్చిన ఆ విద్య ఆ రంగునకు అక్షరాల తగినదే. ఆ చేతిబలమే నేటి కారుపై హాని చేయునని తెలిసికొనుటయే ఇప్పటి పనివానికి కష్టతరమైన పాఠము.

కావున తెలిసిన పనివాడు నేడు మొదట గుడ్డముక్కతో ఒక మూల రుద్ది, అంటినది రంగో తెల్లని మడ్డియో చూచును. పిమ్మట మందము కొలుచును. పాతకాలపు ఒంటిపూత పలుచబడియున్నచో గ్లేజుతో సరిపుచ్చి, పైన మైనము వేయును. క్లియర్ కోటు దండిగ నున్నచో, అన్నిటికంటె మెత్తని పాలిషును మెత్తని స్పాంజితో జానెడు చోట ప్రయోగించి, చాలకున్ననే ఒక మెట్టు ముతకదానికి పోవును. గోరుతో తడిమినప్పుడు తగిలెడి లోతుగీతను మాత్రము జోలికి పోక విడిచిపెట్టును. పని ముగిసినదని తోచినప్పుడు ఆ జానెడు చోటును నీరు కలిపిన ఆల్కహాలుతో తుడిచి, దీపము పట్టి చూచును. పాలిషులోని నూనె కప్పిన గీతలేమైన నున్నచో ఆ తుడుపుతో బయటపడును, లేనిచో గీతలు నిజముగనే పోయినవని తెలిసి తక్కిన కారుపై చేయిపెట్టును.