ఇల్లు పెంచుదామా, ఖాళీ చేద్దామా?

పాత కోడుకి అతుకులేస్తూ పోవాలా, మొత్తం కొత్తగా రాసుకోవాలా అన్న గొడవ మన ఆఫీసుల్లో ఎప్పుడూ ఉండేదే. ఇదే గొడవ లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు పదేళ్ళు పడ్డారు. కాకపోతే వాళ్ళ మీటింగుల ఫలితం పక్కవీధి జనం అనుభవించారు. అందుకే నాకీ కథ మీద ఆసక్తి.

ముందు కొంచెం వెనక్కెళ్దాం. యాన్‌ఫీల్డ్ మైదానం మొదట లివర్‌పూల్ వాళ్ళది కాదు, వాళ్ళ బద్ధశత్రువు ఎవర్టన్‌ది! 1884 నుంచి అక్కడ ఆడేవాళ్ళు. స్థలం యజమాని జాన్ హౌల్డింగ్ బీరు వ్యాపారి, క్లబ్బు అధ్యక్షుడు కూడా. ఏటా 100 పౌండ్లున్న అద్దె 250 దాకా పెంచాడు. ఒళ్ళు మండి 1892లో ఎవర్టన్ వాళ్ళు పార్కు అవతలికి పోయి గుడిసన్ పార్కు కట్టుకున్నారు. చేతిలో మైదానం ఉంది, జట్టు లేదు. హౌల్డింగ్ ఏం చేశాడు? ఇంకో జట్టు పెట్టుకున్నాడు. అదే లివర్‌పూల్. అద్దె గొడవలోంచి పుట్టిన క్లబ్బన్నమాట :)

1906లో ఒక గోల్ వెనక పెద్ద గట్టులాంటి స్టాండు కట్టి స్పియన్ కాప్ అని పేరు పెట్టారు. దక్షిణాఫ్రికాలో 1900 నాటి బోయర్ యుద్ధంలో ఆ పేరుగల కొండ మీద లివర్‌పూల్ ప్రాంతపు సైనికులు చాలామంది పోయారు. (ఆ యుద్ధంలో భారతీయుల అంబులెన్సు దళంతో గాయపడ్డవాళ్ళని మోసినవాళ్ళలో మన గాంధీ గారు కూడా ఉన్నారు.) నిలబడి చూసే రోజులు కాబట్టి జనం కిక్కిరిసేవారు. 1952లో వుల్వ్స్‌తో జరిగిన కప్పు మ్యాచ్‌కి 61,905 మంది వచ్చారు.

1989లో హిల్స్‌బరో తొక్కిసలాట. 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. మరుసటి ఏడు వచ్చిన టేలర్ నివేదికతో పెద్ద మైదానాల్లో అందరికీ కుర్చీలు తప్పనిసరయ్యాయి. 1994లో కాప్ కూడా కుర్చీలదైపోయింది. మనిషి నిలబడే చోటుకీ కూర్చునే చోటుకీ తేడా తెలిసిందే, సామర్థ్యం 45 వేల దగ్గరకి పడిపోయింది. జనం మాత్రం పెరిగారు. మరి పెంచాలంటే ఎటు పెంచాలి? నాలుగు వైపులా ఇళ్ళే.

కెమ్లిన్ రోడ్డు వైపు ముందే ప్రయత్నించారు. ఇళ్ళన్నీ కొన్నారుగానీ ఇద్దరు అక్కచెల్లెళ్ళు తమ ఇల్లు అమ్మమని భీష్మించుకున్నారు. 1990లో వాళ్ళు సరే అనేదాకా రెండో అంతస్తు లేవలేదు, 1992లో తెరిచారు. అంత పెద్ద క్లబ్బుని ఒక్క ఇల్లు ఏళ్ళ తరబడి ఆపిందంటే నాకు భలే ముచ్చటేసింది లెండి.

లోథెయిర్ రోడ్డు వాళ్ళకి ఆ భాగ్యం లేదు. ఈసారి క్లబ్బు 1990లలో ఒక్కో ఇల్లూ కొంటూ, కొన్నవాటికి రేకులు కొట్టి ఖాళీగా వదిలేసింది. పక్కిల్లు పాడుబడితే మన ఇంటి రేటు ఏమవుతుంది? పైగా దొంగతనాలూ, మంటలూ. విసిగిపోయి మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. ఈలోగా 2002లో క్లబ్బు మనసు మార్చుకుంది, పక్కనున్న స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం అంది. ఇళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. 2007లో కొన్న అమెరికన్ యజమానులు అరవై రోజుల్లో పార పడుతుందన్నారు. పార పడలేదు, అప్పు పడింది. 2010లో క్లబ్బు 30 కోట్ల పౌండ్లకి చేతులు మారింది.

కొత్తగా వచ్చినవాళ్ళు బాస్టన్‌లో 1912 నాటి ఫెన్‌వే పార్కుని కూలగొట్టకుండా బాగుచేసుకున్నవాళ్ళు. 2012లో ఇక్కడే ఉంటాం అని తేల్చేశారు. మెయిన్ స్టాండుకి 8,500 కుర్చీలు చేర్చి 2016లో తెరిచారు. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. కొత్తది కడితే వచ్చే అప్పు ముందు ఇది చాలా చిన్నది, కాప్ కూడా మిగిలింది.

అయితే ఆ కొత్త కుర్చీలెవరికి? గణనీయ భాగం భోజనాలతో సహా అమ్మే ఖరీదైన టికెట్లు. మామూలు టికెట్ కూడా 77 పౌండ్ల దాకా పెడతామనేసరికి, ఫిబ్రవరి 2016లో సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది, వాళ్ళు వెళ్ళాక 2-2 అయింది! కొద్దిరోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి, పై ధర పాత 59 దగ్గరే ఉంచారు.

తర్వాత 2021లో యాన్‌ఫీల్డ్ రోడ్డు వైపు పని మొదలైంది. 2023లో మధ్యలో కాంట్రాక్టరు దివాలా తీసి ఆలస్యమైంది. 2024కి పూర్తయి సామర్థ్యం 61 వేలు దాటింది. అంటే ఇంత హడావిడి చేసి, 1952లో నిలబడి చూసిన సంఖ్య దగ్గరికి మళ్ళీ వచ్చారు.

పార్కు అవతలి ఎవర్టన్ రెండోదారి పట్టింది. 133 ఏళ్ళ గుడిసన్‌ని 2025లో ఆడవాళ్ళ జట్టుకి వదిలి, మగవాళ్ళ జట్టు నది ఒడ్డున పాత రేవులో కట్టిన కొత్త స్టేడియానికి పోయింది. అది నీళ్ళు పూడ్చి కట్టింది, ఎవరి ఇల్లూ కాదు. యాన్‌ఫీల్డ్‌లో మాత్రం మెయిన్ స్టాండు బయట మ్యాచ్ రోజు జనం ఫోటోలు దిగే ఆ ప్రాంతంలో ఒకప్పుడు వీధులుండేవి.