కందెన నుంచి ఎర్ర దీపం దాకా

మోటారు బండి డ్యాష్‌బోర్డు మీద నూనె బుడ్డి బొమ్మతో ఒక ఎర్ర దీపం ఉంటుంది. తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజను అందుకోగానే ఆరిపోతుంది. జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకున్న తెలుగు పండితుడికి దానితో పనేమిటని మిత్రులు అడగవచ్చు. మా వరంగల్లులో ఒక పాత పికప్ బండికి ఆ దీపం వెనుక ఉండే చిన్న పరికరాన్ని, అంటే ఆయిల్ ప్రెషర్ సెన్సారును, మార్చాలా వద్దా అన్న వాదం నా ఎదుటనే జరిగింది. అది విన్న తరువాత దాని పుట్టుపూర్వోత్తరాలు వెదకుతూ పోయాను. తీరా చూస్తే, అంకె చెప్పగలిగిన ఒక ముల్లు అవును, కాదు అని మాత్రమే చెప్పే దీపంగా కుదించుకుపోయిన వైనమే ఆ చరిత్ర అంతా.

మొదట మాట సంగతి. తిల నుంచి తైలం పుట్టింది, నువ్వుల నెయ్యి నూనె అయింది. తిండికి పుట్టిన ఈ మాటలు ఇంజనులోకి వెళ్ళాయి కాని, యంత్రానికి అసలు దగ్గరి మాట మనకు వేరే ఉంది: కందెన. ఎద్దుబండి ఇరుసుకు పూసేది. సుమతీ శతకకారుడు కరణంగారిని అనుసరించి బతకవలసిన అవసరానికి ఈ కందెననే ఉపమానంగా తెచ్చుకున్నాడు. (కరణాలు పోయినా ఉపమానం పోలేదు.) మన మెట్టపొలాల్లో పండే ఆముదానికీ ఈ కథలో చోటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాల్లో ఎన్నింటికో ఇంజను నూనె ఆముదమే. క్యాస్ట్రాల్ అన్న ప్రసిద్ధ నామం కూడా ఆముదపు ఆంగ్లనామం నుంచి వచ్చినదే.

కందెన జారుడుతనం ఇస్తుందని అందరికీ తెలుసు. అది బరువును మోస్తుందని మాత్రం 1880ల దాకా ఎవరికీ తెలియదు. ఇంగ్లండులో బోషాం టవర్ అనే ఇంజనీరు అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం బేరింగుల ఒరిపిడి మీద ప్రయోగాలు చేశాడు. రైలుబండి ఇరుసు మీద కూర్చునే అర్ధచంద్రాకారపు బేరింగు వంటిదాన్ని తీసుకుని, ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగేటట్టు అమర్చి తిప్పాడు. పైనుంచి కూడా నూనె పోద్దామని బేరింగు నడినెత్తిన రంధ్రం తొలిచాడు. ఇరుసు తిరగగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి ఉబికింది. కారిపోకుండా బెండు బిగించాడు, అది ఊడి వచ్చింది. కొయ్య బిరడా కొట్టాడు, అదీ మెల్లమెల్లగా పైకి తోసుకు వచ్చింది. మరొకడైతే విసుక్కుని ఇంకా గట్టి బిరడా కొట్టేవాడు. టవర్ ఆగి, ఆ రంధ్రానికి పీడనమాపకం బిగించాడు. బేరింగు మీద సగటు భారం చదరపు అంగుళానికి సుమారు 100 పౌండ్లు ఉంటే, ముల్లు 200 దాటిపోయింది. ఇరుసుకూ బేరింగుకూ నడుమ లోహం లోహాన్ని తాకడం లేదు, పలుచని నూనె పొర మొత్తం భారాన్ని ఎత్తి పట్టుకుంటున్నది. 1883లో టవర్ తొలి నివేదిక వచ్చింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం చెప్పాడు. మన నిజాం రైలుమార్గం వరంగల్లు మీదుగా బెజవాడకు చేరిందీ ఆ దశాబ్దంలోనే, 1889లో. కాజీపేట దారిన పోయిన ఆ పెట్టెల ఇరుసులు కూడా ఎవరికీ తెలియకుండా నూనె పొర మీదనే తేలుతూ పోయి ఉంటాయి.

టవర్ బిగించిన మాపకం వంటిది అప్పటికే బజారులోకి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. పారిస్‌లో యూజీన్ బూర్డాన్ అనే యంత్రనిర్మాత 1849లో దానికి పేటెంటు పొందాడు. ఆయన కార్ఖానాలో చుట్టగా వంచిన గొట్టం ఒకటి నొక్కుకుపోయిందట. దాన్ని మళ్ళీ గుండ్రం చేయడానికి లోపలికి ఒత్తిడితో నీళ్ళు పంపితే, గొట్టం ఉబ్బుతూ చుట్ట విప్పుకోసాగింది. ఎంత ఒత్తిడికి అంత విప్పు. ఆ కొసకు ఒక ముల్లు తగిలిస్తే చాలు, కంటికి కనిపించని ఒత్తిడికి అంకె వచ్చేస్తుంది. ఆవిరి బాయిలర్లు పేలి మనుషులు చచ్చిపోతున్న రోజులవి. ఆ మాపకం ఎన్ని ప్రాణాలు కాచిందో లెక్క కట్టలేము.

మోటారు బండ్లకు ఇది వెంటనే రాలేదు. ఫోర్డు మోడల్ టి కారులో నూనె పంపే లేదు. తిరిగే చక్రాలు నూనెను చిమ్మితే పడినచోట పడేది. ఇంజన్ల వేగం, భారం పెరిగి పంపులు వచ్చాక, నూనె కాలువ నుంచి సన్నని గొట్టం ఒకటి డ్రైవరు ఎదుటిదాకా వచ్చింది, దాని కొసన బూర్డాన్ ముల్లు. ఆ ముల్లు చూపేది టవర్ కొలిచిన పొరలోని పీడనం కాదు, పొరకు నూనె అందించే కాలువలోని పీడనం. కాలువ ఎండితే పొర ఉండదు కనుక డ్రైవరుకు అది చాలు. నిజాం రాష్ట్ర రైల్వే వారు 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. దాని వారసత్వమే 1958 నాటి ఆర్టీసీ. ఆ కాలపు పెద్దబండ్లలోనూ, యుద్ధకాలపు విల్లీస్ జీపులోనూ డ్రైవర్లు ముల్లును చదవడం నేర్చారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే తక్కువ, ఏటేటా వేడిమీది అంకె తగ్గుతూ వస్తే లోపల బేరింగులు అరుగుతున్నాయని అర్థం. ముల్లు వర్తమానమే కాదు, భవిష్యత్తూ చెప్పేది.

1930లలో అమెరికాలో హడ్సన్ కంపెనీవారు ముల్లుకు బదులు దీపం పెట్టారు. చవక, పైగా డ్రైవరుకు చదివే శ్రమ లేదు. అక్కడి జనం దాన్ని మూర్ఖుల దీపమని వెక్కిరించారు కాని చివరకు దీపమే గెలిచింది. దాని వెనుకనున్న పరికరంలో ఒక పలుచని పొర, ఒక స్ప్రింగు, రెండు విద్యుత్ కొసలు. నూనె ఒత్తిడి లేనప్పుడు స్ప్రింగు ఆ కొసలను కలిపి ఉంచుతుంది, దీపం వెలుగుతుంది. ఒత్తిడి వస్తే పొర లేచి కొసలను విడదీస్తుంది, దీపం ఆరుతుంది. 50 పౌండ్ల ఒత్తిడికీ ఆరుతుంది, 10 పౌండ్లకూ ఆరుతుంది. ఇంజను నలభై పౌండ్లు పోగొట్టుకున్న సంగతి డ్రైవరుకు తెలియనే తెలియదు.

1980లలో జపాను సహకారంతో దేశంలో నాలుగు తేలిక వాణిజ్య వాహన సంస్థలు వచ్చాయి. అందులో ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాదుది. 1988లో టాటా మొబైల్ పికప్ వచ్చింది. లారీ కొనలేనివాడు కూడా బండి యజమాని అయ్యాడు. నా పూర్వ విద్యార్థి ఒకడు అటువంటివాడే. ఇరవై ఏళ్ళు పైబడిన పికప్ మీద ఊళ్ళ నుంచి మిర్చి బస్తాలు ఏనుమాముల మార్కెట్టుకు తోలతాడు. సరిగ్గా మిర్చి సీజనులో ఆ దీపం మిణుకుమనసాగింది. ఒకచోట సెన్సారు మార్చి పంపేస్తామన్నారు, మరొకచోట ఇంజను విప్పాలన్నారు. ఇంజను విప్పడమంటే అతనికి ఆ సీజను పోయినట్టే, అప్పు పెరిగినట్టే. తోటి డ్రైవరు ఒకడు వైరు పీకేయమని సలహా ఇచ్చాడు.

హనుమకొండలో ఒక పెద్దవయసు మేస్త్రీ ఆ సలహా విని, "వైరు పీకితే దీపం ఊకుంటది సార్, ఇంజను ఊకోదు" అన్నాడు. ఆయన మొదట నూనె మట్టం చూశాడు. తరువాత సెన్సారు విప్పి, అదే రంధ్రానికి తన పెట్టెలోని ముల్లు మాపకాన్ని గొట్టంతో బిగించాడు. ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపించి, మందంగా ఉన్నప్పుడు ఎంత, వేగం పెంచితే ఎంత అని చూశాడు. టవర్ చేసినది ఇదే కదా అనిపించింది నాకు. ముల్లు ఎక్కడా కంగారు పడలేదు. ఇంజను బాగుంది, సెన్సారు లోపలి పొర చిరిగి నూనె వైరు దాకా కారుతున్నది.

మార్చడం పావుగంట పని. చల్లారనిచ్చి, కొత్తదాని మరలు పాతదాని మరలతో సరిపోల్చి, చేత్తో మొదలుపెట్టి, పానాతో మితంగా బిగించాడు. టెఫ్లాన్ టేపు చుట్టలేదు. ఒక్క వైరు ఉన్న సెన్సారుకు రెండవ దారి ఇంజను లోహమే, టేపు దళసరిగా చుడితే ఆ దారి తెగి, అవసరమైననాడు దీపం వెలగకపోవచ్చునని చెప్పాడు. తాళం తిప్పితే దీపం వెలిగింది, ఇంజను అందుకోగానే ఆరింది. పది నిమిషాలు నడిపి, సెన్సారు మొదట వేలితో తుడిచి చూశాడు, తడి లేదు. వేడిమీద ముల్లు చూపిన అంకెను, ఆనాటి తేదీని సుద్దముక్కతో బానెట్టు లోపల రాయబోతే, అది చెరిగిపోతుందని నా పెన్ను ఇచ్చి నా విద్యార్థి చేత బండి కాగితాల అట్ట లోపల రాయించాను. ఆ సాయంత్రమే అతను బస్తాలు ఎత్తుకోవడానికి నర్సంపేట వైపు వెళ్ళిపోయాడు.